కార్యాలయ ప్రాంగణంలో అత్తగారు

ప్రత్యుత్తరాల సమన్వయ శాఖ అనేది ఒకటి ఉన్నదని ప్రజలకు తెలియదు. అందులో వారి తప్పేమీ లేదు. ఆ శాఖకు ప్రజలతో పని లేదు. ఒక ప్రభుత్వ శాఖ మరొక శాఖకు ఉత్తరం రాసి, జవాబు రాక, మళ్ళీ రాసి, మళ్ళీ రాక విసిగినప్పుడు ఆ విసుగును స్వీకరించి, దానికొక నంబరు వేసి, జవాబివ్వని శాఖకు రిమైండరు పంపడం ఈ శాఖ బాధ్యత. రిమైండరుకు కూడా జవాబు రాకపోతే ఏం చేయాలన్న విషయమై ఈ శాఖే పై శాఖకు ఒక ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు.

ఆ శాఖవారి కాకినాడ ప్రాంతీయ కార్యాలయంలో ముక్కామల భుజంగరావు సీనియర్ అసిస్టెంటు. యాభై దాటిన మనిషి. ఇంట్లో భార్య హైమవతి, వీధిగది నిండా పుస్తకాలు, ఇంతే అతని సంసారం. ముసాయిదా రాయడంలో అతనికి జిల్లాలో సాటి లేదని పేరు. అతను రాసిన నోటు కింద పై అధికారి చేయగలిగింది సంతకం ఒక్కటే. కామా పెట్టడానికి కూడా సందు ఉండేది కాదు. అతనికి ఆఫీసులో ఉన్న కష్టమల్లా అక్కడ మనుషులుండటం. అందుచేత ఉద్యోగులందరూ ఇకమీదట ఇళ్ళ నుంచే పనిచేయాలని సర్క్యులరు వచ్చిన రోజున, ఆఫీసు మొత్తంలో మనస్ఫూర్తిగా సంతోషించినవాడు భుజంగరావు ఒక్కడే.

ఆ సర్క్యులరుకు మూలం ఒక శిక్షణ. ప్రాంతీయ సంచాలకులవారు ఏదో చల్లటి కొండ ఊరికి వెళ్ళి, పని అనేది ఒక చోటు కాదనీ, అదొక మానసిక స్థితి అనీ ఒక వక్త చెప్పగా విని, కంటతడి పెట్టుకుని వచ్చారు. వచ్చిన వారంలోనే 'గృహమే కార్యక్షేత్రం' పథకం వెలసింది. ఫైళ్ళు గోనెసంచుల్లో, ఆటోల్లో ఇళ్ళకు చేరాయి. ఆఫీసు భవనానికి తాళం పడింది.

ఒక నెల హాయిగా గడిచింది. భుజంగరావు వీధిగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, మధ్యమధ్య ఒక పుస్తకం పేజీ తిరగేస్తూ, ఆఫీసులో వారానికి పంపే రిమైండర్లను పూటకు పంపేవాడు. ఎప్పటిలాగే వేటికీ జవాబులు రాలేదు కాబట్టి పని నాణ్యత కూడా చెడలేదు.

అప్పుడు ఆడిట్‌వారు ఒక ప్రశ్న వేశారు. పనివేళల్లో ఇంట్లో ఉన్న ఉద్యోగి ఇంట్లో ఉన్నట్టా, ఆఫీసులో ఉన్నట్టా?

ఈ ప్రశ్నను పరిష్కరించే భారం ఉపసంచాలకులు సదానందేశ్వరరావుగారి మీద పడింది. ఆయన సందేహాన్ని సహించలేని మనిషి. అన్నంలో రాయి తగిలితే తీసి పక్కన పెట్టేరకం కాదు. ఆ రాయి ఏ బస్తాలోంచి వచ్చిందో తేల్చాకనే రెండో ముద్ద ఎత్తేరకం. ఆయన ఒక స్పష్టీకరణ జారీచేశారు. 'కార్యాలయపు పని ఎక్కడ జరుగుతుందో అదే కార్యాలయం. ఎక్కడ జరగదో అది కార్యాలయం కాదు.' భుజంగరావు ఆ రెండు వాక్యాలూ చదివి, వాటి బిగువుకు మురిసిపోయాడు. రెండు రోజుల తర్వాత ఆఫీసు అటెండరు అప్పన్న సుత్తి, మేకులు, నీలం రంగు బోర్డు పట్టుకుని గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు.

"అమ్మగోరూ, ఆ మావిడాకుల తోరణం ఓపాలి తీత్తారేంటండి? బోర్డు సరిగ్గా అక్కడే రావాలండి."

"గుమ్మానికి తోరణం తియ్యమంటావేవిటి అప్పన్నా? పండగ వెళ్ళి రెండ్రోజులు కాలేదు," అన్నది హైమవతి.

"ఆఫీసుకి పండగలుండవంటండి. సెలవులే ఉంటాయంట."

తోరణం దిగింది. 'ప్రత్యుత్తరాల సమన్వయ శాఖ, గృహ ఉపకార్యాలయం. అనుమతి లేనిదే లోనికి రారాదు' అన్న బోర్డు ఎక్కింది. భుజంగరావు వెంటనే ఉపసంచాలకులవారికి ఫోన్ చేసి, తాను పనిచేసేది వీధిగదిలో మాత్రమే కాబట్టి ఆ గదిని మాత్రమే కార్యాలయంగా పరిగణించవలసిందని విన్నవించుకున్నాడు.

"వీధిగదికి విడిగా డోరు నంబరు ఉన్నదా?"

"లేదండి."

"విడిగా కరెంటు మీటరు?"

"అదీ లేదండి."

"అట్లాంటప్పుడు మీ వీధిగది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రభుత్వానికి ఎట్లా తెలుస్తుంది భుజంగరావుగారూ? ప్రభుత్వం దృష్టిలో మీ ఇల్లు అవిభాజ్యం."

అందులో తప్పు పట్టడానికి భుజంగరావుకు ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత వాకిట్లో వేలిముద్రల యంత్రం బిగించారు. ఉద్యోగి కార్యాలయానికి వచ్చినట్టు నమోదు కావాలి. ఆగమనం జరగాలంటే అంతకుముందు నిర్గమనం జరిగి ఉండాలని సదానందేశ్వరరావుగారు మరొక స్పష్టీకరణ ఇచ్చారు. అందుచేత రోజూ ఉదయం భుజంగరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెరటి తలుపు దగ్గర హైమవతి అందించే టిఫిన్ కారియరు పుచ్చుకుని, సందులోంచి నడిచి, మిఠాయి కొట్టు దగ్గర మలుపు తిరిగి, వీధి గుమ్మంలోకి వచ్చి వేలు నొక్కేవాడు. ఆ కారియరు మధ్యాహ్నం వంటింటి గోడకు ఇవతల కూర్చుని విప్పుకునేవాడు.

పక్కింటి భీమేశ్వరం రైసుమిల్లులో గుమాస్తా. అతను అరుగు మీద పేపరు చదువుతూ ఈ యాత్రను రోజూ చూసేవాడు.

"ఏవండీ భుజంగరావుగారూ, ఆఫీసుకేనా?"

"ఆఫీసుకేనండి."

"ఇవాళ ఆలస్యమైనట్టుందే?"

"సందులో గేదె అడ్డంగా పడుకుందండి."

"అయ్యో! మరి ఇంటికి దగ్గర్లో ఎక్కడికైనా బదిలీ పెట్టుకోకపోయారా?"

గేదె విషయమై సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. భుజంగరావు గేదె స్వభావాన్నీ, సందు వెడల్పునూ వివరిస్తూ ఒక పేజీ రాశాడు. అది నమూనా సంజాయిషీగా అన్ని గృహ ఉపకార్యాలయాలకూ పంపారని తెలిసి లోలోపల సంతోషించాడు కూడా.

చిక్కు కాఫీ దగ్గర వచ్చింది. పదకొండు గంటలకు భర్తకు కాఫీ ఇవ్వడం హైమవతికి పెళ్ళినాటి నుంచి అలవాటు. ఆమె వీధిగదిలోకి గ్లాసు తెచ్చి పెట్టిన మరునిమిషం ఫోను మోగింది. గది మూలన అమర్చిన కెమెరా సంగతి ఆమె మరిచిపోయింది.

"ప్రాంగణంలోకి ప్రవేశించిన మహిళ ఎవరు?" అన్నారు సదానందేశ్వరరావుగారు.

"నా భార్యండి."

"ఏ హోదాలో ప్రవేశించారు?"

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో తనకెప్పుడూ తట్టనందుకు భుజంగరావు కొంచెం సిగ్గుపడ్డాడు.

కార్యాలయంలో కాఫీ టీలు సరఫరా చేసేవారిని టెండరు ద్వారా ఎంపిక చేయాలి. కనీసం ముగ్గురు పోటీపడాలి. హైమవతి ఒక కొటేషన్ ఇచ్చింది. భీమేశ్వరం భార్య మొహమాటానికి ఒకటి ఇచ్చింది. మిఠాయి కొట్టు పక్కన టీ బండి పెట్టుకున్న చిట్టిబాబు మూడోది ఇచ్చాడు. అర్ధరూపాయి తేడాతో చిట్టిబాబు గెలిచాడు. మర్నాడు పొద్దున్నే అతను గిన్నె, జల్లెడ పుచ్చుకుని సరాసరి హైమవతి వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏరా చిట్టిబాబూ, నా ఇంట్లో నా మొగుడికి నువ్వు కాఫీ పోస్తావా?"

"నాకేటి తెలుసండమ్మగోరూ, కాయితం ఇత్తే రేటు ఏసానండి. ఆయ్. కేంటీను ఆపీసు లోపలే ఉండాలని రూలంటండి. ఈ పొయ్యి ఎటు తిప్పితే ఎలుగుద్దో కాత్త సూపించండి."

"చూపిస్తా. ఇటు రా, ముందు నీ చెవి తిప్పి చూపిస్తా."

"మీ కాఫీయే బాగుంటాదండి, నేను కాదన్ను. ఓనాడు అయ్యగోరు తాగగా మిగిలింది నాకూ ఇచ్చేరు కదండి. కానీ రేటు నాది తక్కువండి మరి."

ఆనాటి నుంచి భుజంగరావు పదకొండు గంటలకు చిట్టిబాబు ఇచ్చే తియ్యటి వేడినీళ్ళు తాగుతూ, తలుపు అవతల భార్య తన కోసం మాత్రమే కలుపుకునే ఫిల్టరు కాఫీ వాసన పీలుస్తూ రిమైండర్లు రాసేవాడు. హైమవతి గ్లాసుతో పెరట్లోకి వెళ్ళి, కావాలని ఆ కిటికీ వైపే తిరిగి తాగేది. ఇంతవరకూ ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకునే కాలం అంతటితో అయిపోయింది.

హైమవతి తల్లి సుబ్బాయమ్మ పెద్దాపురంలో కొడుకు దగ్గర ఉండేది. ఆవిడ స్నానాలగదిలో కాలుజారి పడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. మెట్లు ఎక్కరాదనీ, కింద కూర్చునే మరుగుదొడ్డి పనికిరాదనీ, కమోడు ఉండాలనీ, మంచం దిగితే పక్కన మనిషి ఉండాలనీ డాక్టరు చెప్పాడు. కొడుకు కాపురం లిఫ్టులేని మూడో అంతస్తులో. భుజంగరావు ఇంట్లో పడకగదులు మేడ మీద ఉన్నాయి. కింద ఉన్నది వీధిగది. కమోడు ఉన్న బాత్రూము దానికే ఉన్నది.

"మీ ఆఫీసుకి చెప్పండి, అమ్మ వస్తోందని," అన్నది హైమవతి. "అనుమతి అడుగుతున్నాననుకోకండి. చెప్తున్నాను."

భుజంగరావు చెప్పడానికి వెనుకాడి, అర్జీ రాశాడు. జవాబు రావడంలో శాఖ చరిత్ర తెలిసిందే కాబట్టి, అది వచ్చేలోగా అత్తగారు కోలుకుని వెళ్ళిపోతుందని అతని లెక్క. కాని ఆ ఒక్క అర్జీకి మాత్రం మర్నాడే జవాబు వచ్చింది. సందర్శకులను మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు పాసు మీద అనుమతించవచ్చు. పరుపు, దిండు వగైరాలు వెంట తీసుకురాకూడదు.

ఆ కాగితం చదువుతుండగానే వాకిట్లో అంబులెన్సు ఆగింది.

సుబ్బాయమ్మను వీధిగదిలో కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టారు. భుజంగరావు బల్ల గోడవారకు జరిగింది. ఆవిడ గదంతా కలియజూసి, "అల్లుడుగారూ, ఆ మూల ఎర్రగా వెలుగుతోందేమిటి, దోమల మందా?" అని అడిగింది.

"కెమెరా అండి అత్తయ్యగారూ."

"ఫోటో తీస్తుందా? అయితే హైమా, ఆ దువ్వెన ఇలా తే."

మర్నాడు తనిఖీకి సదానందేశ్వరరావుగారే స్వయంగా వచ్చారు. వెంట అప్పన్న, చేతిలో టేపు. ఉపసంచాలకులవారి చొక్కా కాలరు నలిగి ఉన్నది, మనిషి చిక్కారు. గుమ్మంలో అడుగుపెడుతూనే వంటింట్లో పోపు వాసనకు ఒక్క క్షణం ఆగి, వెంటనే తేరుకుని, మంచాన్ని చూశారు.

"ఈమె ఎవరు?"

"మా అత్తగారండి."

"నేను బంధుత్వం అడగలేదు. హోదా అడిగాను."

సుబ్బాయమ్మ తల ఎత్తింది. "ఎవరల్లుడుగారూ ఈయన? డాక్టరా?"

"కాదండి, మా డిప్యూటీ డైరెక్టరుగారు."

"అయితే కాలు చూపించక్కర్లేదన్నమాట. కూర్చోమనండి. ఏం నాయనా, భోంచేశావా? మొహం అలా పీక్కుపోయిందేం?"

సదానందేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఇది కార్యాలయ ప్రాంగణం. పనివేళల్లో ఇక్కడ శయనించడం నిషిద్ధం."

"ఇదెక్కడి చోద్యం! మా ఆయన తాలూకా ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ మధ్యాహ్నం నిద్ర అక్కడేగా."

"వారు ఉద్యోగి. అది వేరు."

అప్పన్న మంచాన్ని కొలిచాడు. సదానందేశ్వరరావుగారు నిలబడే, మెల్లగా, ప్రతి మాటా అచ్చువేసినట్టు చెప్పారు. "కార్యాలయంలో ఉండదగినవారు మూడు విధాలు. ఉద్యోగి, సందర్శకుడు, సరఫరాదారు. ఈ మూడింటిలోనూ చేరని వ్యక్తి కార్యాలయంలో నివసిస్తున్నట్లయితే ఆ వ్యక్తిని ఆక్రమణదారు అంటారు."

"మరి నేను ఎందులో వస్తానండి?" అన్నది తలుపు దగ్గర నిలబడ్డ హైమవతి.

"మీరు టెండరులో ఓడిపోయారు, కనుక సరఫరాదారు కారు. సందర్శకులు ఐదు గంటలకు వెళ్ళిపోతారు. మీరు వెళ్ళడం లేదు."

"అంటే నా ఇంట్లో నేను ఆక్రమణదారునా?"

"మీ ఇంట్లో కాదమ్మా. ఇల్లనేది ఇక్కడ లేదు. నేనేమీ కక్షతో అనడం లేదు. ఈ నిబంధనను అందరికంటే ముందు నా ఇంట్లో అమలుపరిచాను. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని తుని వెళ్ళిపోయింది. నా ప్రాంగణం ఇప్పుడు పూర్తిగా నిబంధనలకు అనుగుణంగా ఉన్నది." ఆ మాట అంటూ ఆయన నలిగిన కాలరు సవరించుకున్నారు.

"పిచ్చి సన్నాసి," అన్నది సుబ్బాయమ్మ, కూతురుతో అన్నట్టు, అందరికీ వినబడేట్టు.

ఆక్రమణదారులు వారం రోజుల్లో ఖాళీ చేయాలన్న నోటీసు ఇవ్వాలని నిర్ణయమైంది. శాఖలో నోటీసుల ముసాయిదా రాయవలసిన సెక్షను భుజంగరావుది. అతను బల్ల దగ్గర కూర్చున్నాడు. రాయకుండా ఉండవచ్చునన్న ఆలోచన రాకపోలేదు. కాని కలం పట్టాక వాక్యం దానంతటదే వచ్చింది. ఆక్రమణ స్వభావం, దాని విస్తీర్ణం, ఆక్రమణదారుల పేర్లు, వయస్సు, ఖాళీ చేయని పక్షంలో తీసుకోబడు చర్యలు అన్నీ వరసన అమరాయి. అది పైకి వెళ్ళి సంతకమై వచ్చింది. అప్పన్న దాన్ని హైమవతి చేతికిచ్చి, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఆమె రెండుసార్లు చదివింది. మడిచి భర్త బల్ల మీద పెట్టింది.

"ఎంత బాగా రాశారండీ. ఒక్కచోటైనా చెయ్యి తడబడలేదు."

భుజంగరావు ఏదో చెప్పబోయాడు.

"వద్దులెండి. అమ్మని పెద్దాపురం మూడంతస్తులు కుర్చీలో మోయిస్తాను. కుట్లు విడితే విడుతాయి. నేనూ అమ్మతోనే ఉంటాను. మీరు ఇక్కడ హాయిగా ఆఫీసు చేసుకోండి. ఆక్రమణలేమీ ఉండవు."

ఆమె మేడ మీదికి వెళ్ళి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. కింద సుబ్బాయమ్మ కళ్ళు మూసుకునే, "అల్లుడుగారూ, మీరు చదువుకున్నవారు. రాసిన చేత్తోనే ఇంకోటి రాయలేరూ?" అన్నది.

భుజంగరావుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఉదయమే అతను ఒక అర్జీ పెట్టుకున్నాడు. ఇంటినుంచి పనిచేయడం తనకు అనుకూలించడం లేదు కాబట్టి, మునుపటిలా ఆఫీసు భవనానికి వచ్చి పనిచేసుకోవడానికి అనుమతించవలసిందని. సాయంత్రానికి సదానందేశ్వరరావుగారు ఫోన్ చేశారు.

"మీ అభ్యర్థన అసంబద్ధంగా ఉన్నది. ఆ భవనంలో ప్రస్తుతం పని జరగడం లేదు. పని జరగని చోటు కార్యాలయం కాదని స్పష్టీకరణ ఉన్నదే. కార్యాలయం కాని చోట కూర్చుని పనిచేస్తానంటే ఎట్లా?"

"మరి అది కార్యాలయం కాకపోతే ఏమిటండి?"

ఫోనులో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. "భవనం," అన్నారు ఆయన చివరికి, కొంచెం అనుమానంగా.

భుజంగరావు ఫోను పెట్టేశాడు. తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పని జరిగే చోటు కార్యాలయమైతే ఇల్లు కాకుండా పోయింది. పని జరగని చోటు కార్యాలయం కాకుండా పోతే, అది ఇల్లు కావడానికి అడ్డేమిటి?

ఆ ఆదివారం అతను తన జీవితంలోకెల్లా గొప్ప నోటు రాశాడు. ప్రభుత్వావసరం నిమిత్తం నివాసం కోల్పోయినవారు నిర్వాసితులు. నిర్వాసితులకు పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఈ శాఖ ఒక కార్యాలయం నెలకొల్పడం కోసం ఇద్దరు స్త్రీలను నివాసం నుంచి తొలగిస్తున్నది. వారిలో ఒకరికి కింది అంతస్తులో, కమోడు వసతి ఉన్న గది వైద్యరీత్యా తప్పనిసరి. శాఖ ఆధీనంలో, కార్యాలయం కానట్టిదీ, ఖాళీగా ఉన్నట్టిదీ ఒకే ఒక భవనం ఉన్నది. అది ఖాళీగా ఉండటంపై ఆడిట్‌వారు ఇప్పటికే అభ్యంతరం తెలిపి ఉన్నారు. కావున, అని మొదలుపెట్టి అతను రాసిన చివరి పేరా చదివినవాడెవడూ కాదనలేడు.

కాదనలేదు కూడా. నోటు ఏడు సంతకాలు దాటవలసి ఉంది. మామూలుగా అయితే ఒక్కో బల్ల మీద ఒక్కో నెల విశ్రమించేది. కాని ఫైళ్ళు విశ్రమించే బల్లలన్నీ తాళం వేసిన భవనంలో ఉండిపోయాయి. గడువుకు ఒక రోజు ముందే ఉత్తర్వు వచ్చింది. పాత ఆఫీసు భవనంలో కింది అంతస్తును నిర్వాసితులకు నివాసార్థం కేటాయించారు. ఒక్కటే షరతు. భవనం నివాసమేననీ, అందులో ఎలాంటి కార్యాలయపు పనీ జరగడం లేదనీ ఉపసంచాలకులు ప్రతినెలా తనిఖీ చేసి ధ్రువీకరించాలి. జరిగినట్టు తేలితే అది తక్షణం కార్యాలయమవుతుంది. నిర్వాసితులు తిరిగి ఆక్రమణదారులవుతారు.

హైమవతి ఉత్తర్వు చదివింది. మడతపెట్టిన చీరలను మాత్రం విప్పలేదు. పెట్టె అలాగే ఆటో ఎక్కించింది. కాని ఆటోలో కూర్చునేముందు భర్త చేతికి ఫ్లాస్కు అందించింది. అందులో ఫిల్టరు కాఫీ ఉన్నది.

కింది అంతస్తులో కమోడు ఉన్న బాత్రూము ఒక్క గదికే ఉన్నది. అది సదానందేశ్వరరావుగారి చాంబరు. తలుపు మీద ఆయన పేరుపలక అలాగే ఉన్నది. లోపల తివాచీ, ఏసీ, గోడకు ప్రాంతీయ పటం, బాత్రూములో పట్టుకు లేవడానికి స్టీలు కడ్డీ కూడా ఉన్నాయి. సుబ్బాయమ్మను పెద్ద బల్ల పక్కన మంచం మీద దింపారు. ఆవిడ కడ్డీ పట్టుకుని తనంతట తాను నిలబడి చూసి, "ఇంత వసతి పెట్టుకుని ఇళ్ళకి పోయారేం నాయనా వీళ్ళంతా?" అన్నది. రికార్డు గది వంటిల్లయింది. నోటీసుబోర్డు మేకులకు తాడుకట్టి బట్టలు ఆరేశారు.

భుజంగరావు కూడా రాత్రులు అక్కడికే చేరాడు. రోజూ ఉదయం ఆఫీసులో లేచి, ఆఫీసులో స్నానం చేసి, ఇంటికి, అంటే ఆఫీసుకు, వెళ్ళేవాడు. సాయంత్రం ఇంటి నుంచి బయలుదేరి ఆఫీసుకు, అంటే ఇంటికి, వచ్చేవాడు. పది రోజుల్లో సుబ్బాయమ్మ కర్ర సాయంతో వరండా దాకా నడిచింది. హైమవతి మాటల్లో మళ్ళీ ఎత్తిపొడుపులు మొదలయ్యాయి. భుజంగరావు ఆ ఎత్తిపొడుపులకు ఎంతో ఊరట చెందాడు.

కాని మనిషి అలవాటు మనిషిని వదలదు. ఒక సాయంత్రం రిమైండరొకటి సగంలో ఉండగా ఐదు గంటలైంది. వాక్యం మంచి పట్టులో ఉన్నది, మర్నాటికి చల్లారిపోతుంది. అతను ఫైలు సంచిలో వేసుకుని వచ్చి, అత్తగారి మంచం పక్కన బల్ల మీద పరుచుకుని, కలం మూత తీశాడు. రెండు పంక్తులు రాశాడో లేదో, వరండాలో బూట్ల చప్పుడైంది.

"ఈ నెల తనిఖీ నిమిత్తం వచ్చాను," అన్న గొంతు వినబడింది.

ఒక్క ఫైలు. దాంతో ఈ గది చాంబరైపోతుంది, ఈ కడ్డీ, ఈ కమోడు ప్రభుత్వానివైపోతాయి, హైమవతి పెట్టె మళ్ళీ ఆటో ఎక్కుతుంది. ఈసారి ఫ్లాస్కు ఉండదు. భుజంగరావు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సుబ్బాయమ్మ చెయ్యి చాచి ఫైలు లాగి, దాని మీద తలగడ వేసి, తలగడ మీద తాను వాలింది. ఫైలు కట్టిన ఎర్రదారం మాత్రం తలగడ కింద నుంచి వేలాడుతూ ఉండిపోయింది.

సదానందేశ్వరరావుగారు తన పేరుపలక ఉన్న తలుపు దగ్గర ఆగారు. "లోపలికి రావచ్చునా అమ్మా?"

"రా నాయనా, నీ గదేగా. కూర్చో."

ఆయన బల్లకు ఇవతల సందర్శకుల కుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలోంచి ఆ గదిని ఆయన చూడటం అదే మొదటిసారి. పటం చూశారు, తివాచీ చూశారు. తర్వాత తలగడ కింది ఎర్రదారం చూశారు. చూపు అక్కడే ఆగింది.

"అది ఏమిటి?"

రికార్డు గదిలోంచి పెసరట్టు మీద అల్లం, ఉల్లిపాయ వేగుతున్న వాసన వచ్చింది.

"నాకు రాసిన ఉత్తరం నాయనా," అన్నది సుబ్బాయమ్మ. "చదవమంటావా? చదివితే నీకు పని పెరుగుతుంది."

సదానందేశ్వరరావుగారి చెయ్యి దారం వైపు సగం దూరం వెళ్ళింది. ఆ చెయ్యి అక్కడ కాసేపు ఆగి, వెనక్కి మళ్ళి, జేబులోంచి ధ్రువీకరణ పత్రం తీసింది. ఆయన బల్ల మీదికి వంగి, ఒక్కొక్క మాటా ఆలోచించి, పైకి చదువుతూ రాశారు.

"'నేను ఈ గదిలో ఉపసంచాలకునిగా ఆసీనుడనైన నాటి నుంచి నేటి వరకు, నాకు తెలిసినంత మేరకు, ఈ భవనంలో ఎలాంటి కార్యాలయపు పనీ జరగలేదనీ, ఇకముందు జరగగలదని విశ్వసించుటకు ఆధారమేదీ లేదనీ ధ్రువీకరించడమైనది.'"

సంతకం చేసి, తారీఖు వేసి, ఆయన ఎంతో తేలికపడ్డ మనిషిలా వెనక్కి వాలారు. "నా ఉద్యోగంలో నేను ఏ సంకోచమూ లేకుండా చేసిన మొదటి సంతకం ఇదే భుజంగరావుగారూ."

"వాక్యం కూడా బాగా వచ్చిందండి," అన్నాడు భుజంగరావు. ఈసారి మాట కొంచెం తడబడింది.

హైమవతి రెండు పళ్ళేలతో వచ్చింది. ఒకటి సదానందేశ్వరరావుగారి ముందు పెట్టింది. ఆయన మొదటి పెసరట్టు పూర్తిచేశారు. రెండోది తింటూ తలెత్తకుండా అడిగారు.

"అమ్మా, పై అంతస్తులో సంచాలకులవారి చాంబరు ఉన్నది గదా. అదీ ఖాళీయేనా? మా వాళ్ళు తునిలో ఇబ్బంది పడుతున్నారు. నేనుకూడా నిర్వాసితుని కిందికే వస్తానేమోనని..."

"అయ్యో, అది అయిపోయిందండి," అన్నది హైమవతి. "డైరెక్టరుగారి భార్య పొద్దున్నే వచ్చి కిటికీలకి కర్టెన్ల కొలతలు తీసుకెళ్ళారు."

సదానందేశ్వరరావుగారు చట్నీ అద్దుకుంటున్న ముక్కను పళ్ళెంలోనే వదిలారు.

"పోనీ, టపా సెక్షను ఎవరికైనా ఇచ్చారా?"